దినచర్యలో ఆనందం

ఆనందాన్ని కోరని మనిషి లేడు. అయితే అది ఎక్కడ దొరుకుతుందని ప్రశ్నిస్తే, మన విద్యార్థులలో చాలామంది దానిని రాబోయే కాలంలో చూపిస్తారు. ఇంటర్మీడియట్ గట్టెక్కాలి, ప్రవేశ పరీక్షలో ర్యాంకు రావాలి, మంచి కళాశాలలో సీటు దొరకాలి, ఆ పైన ఉద్యోగం రావాలి. ఆనందం సంగతి అప్పుడు చూసుకోవచ్చునంటారు. పెద్దలు కూడా ఆ మాటే చెబుతారు. "ఈ రెండేళ్లు కళ్లు మూసుకొని కష్టపడు, తరువాత జీవితమంతా సుఖమే" అన్న హితవు వినని ఇంటర్ విద్యార్థి ఉండడు.

ఆ రెండేళ్లను ఒకసారి లెక్క కట్టి చూద్దాం. రోజుకు 16 గంటలు మేలుకొని ఉన్నామనుకుంటే, రెండేళ్లకు 11 వేల గంటలకు మించుతుంది. అందులో పరీక్షలు రాసే గంటలు వేళ్లమీద లెక్కపెట్టదగినవి. తక్కిన కాలమంతా చిన్న చిన్న పనులతో నిండి ఉంటుంది. నిద్ర లేవడం, బిందెతో నీళ్లు తేవడం, కళాశాలకు నడిచో బస్సులోనో వెళ్లడం, పాఠం వినడం, నోటు పుస్తకం పూర్తి చేయడం, తమ్ముడికి లెక్క చెప్పడం, మైదానంలో ఓ గంట ఆడటం, రాత్రి మళ్లీ పుస్తకం పట్టడం - ఇదే విద్యార్థి జీవితం. ఈ పనులలో ఆనందం లేకపోతే ఆ జీవితంలో ఆనందం లేనట్లే. అందువల్ల విద్యార్థి సుఖదుఃఖాలను గురించి ఆలోచించేటప్పుడు "ఏం సాధించాడు?" అన్న ప్రశ్నకంటె ముందు, "ప్రతిదినం చేసే పనులను ఎందుకోసం చేస్తున్నాడు?" అన్న ప్రశ్న వేసుకోవాలి.

మనిషి చేత పని చేయించే శక్తులు స్థూలంగా రెండు. పని బయటి నుండి వచ్చే ఫలం కోసమో, దండన భయంతోనో చేసేది మొదటిది. మార్కులు, బహుమతి, జీతం, పొగడ్త, తిట్టు, జరిమానా - ఇవన్నీ ఆ కోవలోనివే. దీనిని బాహ్యప్రేరణ అంటారు. పనిలోనే ఉన్న ఆసక్తి వల్ల, అది చేయడమే హాయిగా ఉండటం వల్ల చేసేది రెండవది. దీనిని అంతఃప్రేరణ అంటారు. ఆదోనిలో రణమండల కొండ ఎక్కే యువకుడికీ, బరువు మోస్తూ అదే కొండ ఎక్కే కూలికీ పట్టే చెమట ఒకటే. కాని దిగివచ్చిన తరువాత ఒకడు తేలికపడతాడు, మరొకడు అలసిపోతాడు. శ్రమ ఒకటే అయినా, ఆ శ్రమ ఎవరి ఇష్టం మీద జరిగిందన్నది వేరు.

కర్నూలు జిల్లా పడమటి భాగంలో ఉన్న ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో అంతఃప్రేరణకు నిత్యం కనిపించే ఉదాహరణ ఒకటుంది. ఆదోని 1953 వరకు బళ్లారి జిల్లాలో భాగం. ఆ సంవత్సరం అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో చేరాయి. ఎల్లలు మారినా భాషలు మారలేదు. ఇక్కడి వీధులలో తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసి వినిపిస్తాయి. పత్తికి, వేరుసెనగకు, ఆముదాలకు పేరుపడిన ఆదోని మార్కెట్ యార్డుకు సరిహద్దుకు అవతలి రైతులు కూడా సరుకు తెస్తారు. ఆ పరిసరాలలో పెరిగే పిల్లవాడు పదేళ్లు నిండేసరికి మూడు భాషలలో బేరమాడగలడు, పరిహాసమాడగలడు, అవసరమైతే పోట్లాడనూగలడు. ఈ భాషలను అతనికి ఏ గురువూ గంట కొట్టి నేర్పలేదు. ఎవరూ మార్కులు వేయలేదు. తోటి పిల్లలతో ఆడుకోవాలన్న కోరిక, ఎదుటివాడి మాట అర్థం కావాలన్న కుతూహలం, చెప్పిన మాట ఫలించినప్పుడు కలిగే సంతోషం - ఇవే నేర్పాయి. ఆ పిల్లవాడే తరగతి గదిలో కూర్చొని, తనకు తెలిసిన భాషలోనే పది వాక్యాల వ్యాసం రాయమంటే కలం కదలక తికమకపడతాడు. బుద్ధి లోపించిందా? లేదు. వీధిలో ఉన్నంత స్వేచ్ఛ, ప్రయోజనం, సాహచర్యం తరగతిలో కనిపించకపోవడమే అందుకు ముఖ్యకారణం.

ఈ విషయాన్ని మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రయోగాల ద్వారా పరిశీలించారు. అమెరికాలో హ్యారీ హార్లో అనే శాస్త్రవేత్త కోతుల ముందు గొళ్లేలు, కొక్కేలతో కూడిన చిక్కుముడి పరికరాన్ని ఉంచాడు. విప్పినందుకు తిండి పెట్టకపోయినా కోతులు దానిని మళ్లీ మళ్లీ విప్పాయి. ఆకలి, భయం వంటి అవసరాలతో నిమిత్తం లేకుండా పని చేయాలన్న ఉత్సాహం ప్రాణిలోనే ఉన్నదని 1950లో వెలువడిన ఆ పరిశోధన సూచించింది.

1971లో ఎడ్వర్డ్ డెసీ కళాశాల విద్యార్థులకు చెక్కముక్కలతో ఆకారాలు పేర్చే సోమా అనే ఆట ఇచ్చాడు. వారిలో కొందరికి ఒక దశలో, పేర్చిన ప్రతి ఆకారానికీ ఒక డాలరు ఇచ్చాడు. తరువాతి దశలో డబ్బు ఆపివేశాడు. మధ్యలో వారిని కొన్ని నిమిషాలు తమ ఇష్టానికి వదిలిపెట్టి గమనించగా, డబ్బుకు అలవాటుపడినవారు మునుపటికంటె తక్కువసేపు ఆ ఆట ఆడారు. ఒకప్పుడు ఊరకే ఆడిన ఆట ఇప్పుడు కూలి లేని పనిగా తోచిందన్నమాట.

1973లో మార్క్ లెప్పర్, అతని సహచరులు మూడు నుంచి ఐదేళ్ల వయసు పిల్లలపై చేసిన ప్రయోగం మరింత ప్రసిద్ధమైనది. వారు బొమ్మలు వేయడమంటే ఇష్టపడే పిల్లలను ఎంచుకొని మూడు జట్లుగా విభజించారు. బొమ్మ వేస్తే ప్రశంసాపత్రం ఇస్తామని మొదటి జట్టుకు ముందుగానే చెప్పారు. రెండవ జట్టుకు చెప్పకుండా, బొమ్మ పూర్తయ్యాక ఇచ్చారు. మూడవ జట్టుకు ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తరువాత తరగతిలో రంగు కలాలు అందుబాటులో ఉంచి చూశారు. బహుమతి ఆశతో బొమ్మలు వేసిన పిల్లలు మిగిలినవారితో పోలిస్తే దాదాపు సగం సమయమే వాటితో గడిపారు. అనుకోకుండా బహుమతి పొందినవారి ఆసక్తి తగ్గలేదు. కాబట్టి చెడుపు చేసింది బహుమతి కాదు, "ఇది చేస్తే అది ఇస్తాం" అన్న బేరం.

మన ఇళ్లలో ఈ బేరం ఎంత సాధారణమో చెప్పనక్కరలేదు. "ఫస్టు క్లాసు వస్తే సెల్‌ఫోన్ కొనిస్తాం" అంటాం. పిల్లవాడు చదువుతాడు, ఫోనూ వస్తుంది. అయితే అతని మనసులో ఒక పాఠం నాటుకుపోతుంది: చదువు అనేది ఎవరైనా ఏదైనా ఇస్తే తప్ప చేయదగిన పని కాదు. ఫోను కొన్నాళ్లకు పాతబడుతుంది గాని ఈ పాఠం పాతబడదు.

అంతఃప్రేరణకు ఆనందంతో ఉన్న సంబంధాన్ని ప్రయోగశాల వెలుపల, సాధారణ దినచర్యలోనే పరిశీలించినవారూ ఉన్నారు. 2000లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనంలో 76 మంది కళాశాల విద్యార్థులు 14 రోజులపాటు ప్రతిరాత్రి ఆనాటి పనులను, వాటిని చేసిన కారణాలను, తమ మానసిక స్థితిని నమోదు చేశారు. మూడు విషయాలు సమకూరిన రోజున విద్యార్థి ఉల్లాసంగా ఉన్నట్లు తేలింది. మొదటిది స్వేచ్ఛ - అంటే ఈ పనిని నేను నా ఇష్టంతో చేస్తున్నానన్న భావన. రెండవది సామర్థ్యం - ఇది నాకు చేతనవుతున్నదన్న నమ్మకం. మూడవది అనుబంధం - నన్ను అర్థం చేసుకొనేవారు నాతో ఉన్నారన్న ధైర్యం. డెసీ, రిచర్డ్ రయన్ దశాబ్దాలుగా అభివృద్ధి చేసిన సిద్ధాంతానికి ఈ మూడే మూలస్తంభాలు. గమనించవలసిన విశేషమేమంటే, ఇక్కడ పోల్చినది సుఖవంతుడైన ఒక విద్యార్థిని దుఃఖితుడైన మరొక విద్యార్థితో మాత్రమే కాదు. ఒకే విద్యార్థి మంచి రోజును అతని చెడ్డ రోజుతో కూడా పోల్చారు. ఆనందం పుట్టుకతో వచ్చే స్వభావం మాత్రమే కాదని, రోజు గడిచే తీరును బట్టి పెరిగే తరిగే వస్తువని దీనివల్ల తెలుస్తున్నది.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆసక్తితో పని చేసినందువల్ల ఆనందం కలిగిందా, ఆనందంగా ఉన్నందువల్ల పని ఆసక్తికరంగా తోచిందా అన్న ప్రశ్న సహజం. రెండూ నిజమే కావచ్చు. మనసు బాగున్న రోజున కష్టమైన లెక్క కూడా ఆటలా కనిపిస్తుంది. ఆ లెక్క తేలినప్పుడు మనసు మరింత బాగుపడుతుంది. ఇది ఒకదానినొకటి నడిపించే చక్రం. ఆ చక్రాన్ని ఎక్కడో ఒకచోట కదిలించడం మన చేతిలో ఉన్నదన్నదే ముఖ్యం.

పైన చెప్పిన మూడు అంశాలను పుస్తకాలలోనే వెతకనక్కరలేదు. ఎమ్మిగనూరు మగ్గం వాటిని వివరించగలదు. ఎమ్మిగనూరు పేరు చెప్పగానే చేనేత గుర్తుకు వస్తుంది. పద్మశ్రీ పురస్కార గ్రహీత మాచాని సోమప్ప పూనికతో 1938లో ఇక్కడ చేనేతకారుల సహకార సంఘం ఏర్పడింది. ఆ సంఘం ద్వారా ఎమ్మిగనూరు వస్త్రాలు దూరప్రాంతాలలో పేరు తెచ్చుకున్నాయి. మగ్గం ముందు కూర్చున్న నేతగాడికి తన పని ఫలితం ప్రతి క్షణం కంటి ముందే కనిపిస్తుంది. పడుగులో పోగు తెగితే వెంటనే తెలుస్తుంది, పేక బిగువు తప్పితే చేతికి తెలుస్తుంది, అంచు సరిగా కుదిరితే కంటికి తెలుస్తుంది. తప్పు ఎక్కడ జరిగిందో చెప్పడానికి ఏ పరీక్షాధికారీ రానక్కరలేదు. సామర్థ్యం పెరుగుతున్నదన్న అనుభవం అంటే ఇదే. నేత ఒక్కడి పని కాదు. ఒకరు కండెలు చుడతారు, ఒకరు పడుగు సరిచేస్తారు, ఒకరు నేస్తారు. అది అనుబంధం. ఏ రంగు పక్కన ఏ రంగు రావాలో నిర్ణయించుకొనే అవకాశం ఉన్నప్పుడు నేతగాడు కళాకారుడవుతాడు. అది స్వేచ్ఛ.

ఈ మాట విని ఎవరైనా నేతగాడి బతుకంతా ఆనందమయమని అనుకుంటే పొరపాటు. మరమగ్గాల పోటీ, నూలు ధరలు, చాలీచాలని కూలి చేనేత కుటుంబాలను కుంగదీశాయి. వృత్తిలో ఎంత కళ ఉన్నా, అప్పు కోసం, పూట గడవడం కోసం రాత్రింబగళ్లు నేయవలసి వచ్చినప్పుడు ఆ మగ్గమే భారమవుతుంది. అందువల్ల అంతఃప్రేరణను గురించి మాట్లాడేటప్పుడు ఒక ఆక్షేపణకు తప్పక సమాధానం చెప్పాలి. "కడుపు నిండినవారికి కదా ఈ మాటలు! కరవు ప్రాంతంలో పిల్లలకు ఆసక్తి, ఆనందం అంటూ ఉపన్యాసాలెందుకు?" అని అడిగేవారున్నారు.

ఈ ఆక్షేపణ తేలికగా తోసివేయదగినది కాదు. పశ్చిమ కర్నూలు తరచు వర్షాభావానికి గురయ్యే ప్రాంతం. 2011 జనాభా లెక్కల ప్రకారం నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత సుమారు 67 శాతం కాగా, కర్నూలు జిల్లాలో సుమారు 60 శాతం మాత్రమే. ఖరీఫ్ పంట చేతికి రాని ఏట అనేక కుటుంబాలు ఇంటికి తాళం వేసి, పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు, తెలంగాణ వైపు వలస వెళతాయి. తల్లిదండ్రులతోపాటు పిల్లలూ వెళతారు. ఆ పిల్లల చదువు ఆగకుండా ఉండేందుకు ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు నిర్వహించవలసి వచ్చింది. 1990ల చివర, 2000ల తొలి సంవత్సరాలలో కర్నూలు జిల్లా హైబ్రిడ్ పత్తి విత్తన క్షేత్రాలలో బాలికలు పెద్దసంఖ్యలో పని చేసిన సంగతి అధ్యయనాలలో నమోదైంది. సాయంకాలం మొగ్గలలోని కేసరాలను చేతితో తొలగించడం, మరునాటి ఉదయం వాటికి పరాగం అద్దడం ఆ బాలికల పని. బడిలో పలక పట్టవలసిన వేళ్లు రోజూ వేలకొలది పూలను విప్పాయి.

ఆ బాలికతో "పనిని ప్రేమించు, అందులోనే ఆనందం ఉంది" అని చెప్పడం క్రూరత్వం. అంతఃప్రేరణ సిద్ధాంతం అటువంటి హితబోధకు ఏమాత్రం మద్దతు ఇవ్వదు. పైగా దానిని ఖండిస్తుంది. స్వేచ్ఛ లేనిచోట అంతఃప్రేరణ లేదన్నదే దాని మొదటి సూత్రం. ఎన్నుకొనే అవకాశం లేని మనిషికి ఉత్సాహాన్ని బోధించడమంటే సంకెళ్లకు రంగు వేయడమే. బిడ్డకు బడిని, తల్లికి పనిని, ఇంటికి తిండిని సమకూర్చడం ముందు జరగవలసిన పని. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, 2004లో ఆరంభమైన కస్తూరిబా గాంధీ బాలికా విద్యాలయాలు ఆ దిశలో వేసిన అడుగులు.

కాని పేదవారికి అంతఃప్రేరణతో పనిలేదన్న వాదన కూడా అంతే తప్పు. బాల్యవివాహాన్ని ఎదిరించి, ఇంట్లో ఒప్పించి, వసతి విద్యాలయంలో చేరి చదువుకొన్న బాలికలు ఈ ప్రాంతంలో ఉన్నారు. వారిని నడిపించినది ఏ బహుమతి? ఎవరు ఆశ చూపారు? బహుమతి మాట అటుంచి, చదువుతామన్నందుకు వారికి దక్కినవి చాలాచోట్ల మందలింపులే. అయినా పుస్తకం వదలలేదు. పేదవారికి ఆసక్తి విలాసవస్తువు కాదు. ఒక్కొక్కప్పుడు వారికి మిగిలిన ఏకైక మూలధనం అదే.

ఇక రెండవ ఆక్షేపణ. "అన్ని పనులూ ఆసక్తిగా ఉండవు కదా! అంట్లు తోమడంలో, సూత్రాలు వల్లె వేయడంలో ఏ ఆనందం ఉంది?" నిజమే. ప్రతి పనీ ఆటలాగ ఉండాలని కోరడం అత్యాశ. ఇందుకు కూడా శాస్త్రజ్ఞులు ఒక మెట్లవరుస చూపించారు. దండన భయంతో చేయడం మొదటి మెట్టు. నలుగురు ఏమనుకుంటారోనన్న సిగ్గుతో, అపరాధభావంతో చేయడం రెండవది. ఈ పనికి ఒక ప్రయోజనం ఉంది, అది నాకు ముఖ్యం అని గుర్తించి చేయడం మూడవది. ఆ విలువ తన వ్యక్తిత్వంలో భాగమై, చెప్పకుండానే చేయడం నాలుగవది. పని పట్ల ఉన్న ఇష్టంతోనే చేయడం చివరిది. అంట్లు తోమడం చివరి మెట్టుకు ఎన్నటికీ చేరకపోవచ్చు. అయినా ఉదయం నుండి పొలంలోనో మగ్గం మీదనో వంగిన తల్లికి కొంత విశ్రాంతి దొరుకుతుందని గ్రహించి కొడుకు ఆ పని అందుకుంటే, అది మూడవ మెట్టునో నాలుగవ మెట్టునో చేరుతుంది. అటువంటి పని మనసుకు భారం కాదు. ఫలాపేక్ష లేకుండా కర్తవ్యం చేయమన్న గీతాబోధ మనకు కొత్త కాదు. అయితే కర్తవ్యాన్ని పైనుండి రుద్దడం వేరు, దానిని తనదిగా చేసుకోవడం వేరు. తనదిగా చేసుకున్నదే తృప్తినిస్తుంది.

"కొడుకు" అన్న మాటను ఇక్కడ ఉద్దేశపూర్వకంగానే వాడవలసి వచ్చింది. మన ఇళ్లలో నీళ్లు మోయడం, ఊడ్వడం, వండటం, చిన్నపిల్లలను చూసుకోవడం ఇంకా చాలావరకు ఆడపిల్లల వంతే. ఒకే కళాశాలలో, ఒకే గ్రూపులో చదివే అన్నాచెల్లెళ్లలో అన్న సాయంకాలం మైదానానికి వెళతాడు, చెల్లెలు వంటింటికి వెళుతుంది. అతని పని అతను ఎన్నుకొన్నది, ఆమె పని ఆమెకు అప్పగించినది. ఇద్దరి మార్కులు సమానమైనా ఇద్దరి దినాలు సమానం కావు. విద్యార్థుల ఆనందాన్ని పెంచే ఉపాయాలలో అతి చౌకైనది, ఏ నిధులూ అవసరం లేనిది ఒకటుంది. ఇంటిపనిని పంచుకోవడం, ఎవరు ఏ పని చేయాలో కలిసి కూర్చొని నిర్ణయించుకోవడం. పని తగ్గినందువల్లనే గాక, నిర్ణయంలో తన మాట చెల్లినందువల్ల కూడా ఆ బాలిక ముఖం వికసిస్తుంది.

మూడవ ఆక్షేపణ ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల నుండి తరచు వినబడేది. "మొక్కై వంగనిది మానై వంగునా? భయం లేకపోతే, పోటీ లేకపోతే పిల్లలు చదవరు" అంటారు. మొక్కను వంచడం కొంతవరకే సాధ్యం. అతిగా వంచితే విరుగుతుంది. 2022లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి దేశవ్యాప్తంగా 6 నుంచి 12వ తరగతి వరకు చదివే దాదాపు 3.8 లక్షల మంది విద్యార్థుల అభిప్రాయాలు సేకరించింది. తమ ఆందోళనకు కారణాలుగా చదువును, పరీక్షలను, ఫలితాలను పేర్కొన్నవారు 81 శాతం. చదువు ఆందోళనకు మారుపేరుగా మారిన తరువాత, భయం చాలలేదని మరికొంత భయం కలపడం వైద్యం అనిపించుకోదు. పరీక్షల కాలంలో విద్యార్థుల ఆత్మహత్యల వార్తలు చదివి నిట్టూర్చే సమాజం, తన ఇంట్లో మార్కుల జాబితా చేతికి రాగానే వేసే మొదటి ప్రశ్న ఏమిటో పరిశీలించుకోవాలి.

పరీక్షలు వద్దని, మెప్పు పనికిరాదని ఇక్కడ వాదించడం లేదు. బహుమతుల ప్రభావం గురించి శాస్త్రవేత్తలలోనే చాలాకాలం వాదోపవాదాలు జరిగాయి. 1999లో డెసీ, అతని సహచరులు 128 ప్రయోగాల ఫలితాలను ఒకచోట చేర్చి పరిశీలించారు. ముందుగా బేరం పెట్టి ఇచ్చే వస్తురూపమైన బహుమతులు ఆసక్తిని తగ్గిస్తాయని, మనసారా చెప్పే మెచ్చుకోలు మాట సాధారణంగా ఆసక్తిని పెంచుతుందని వారు తేల్చారు. "నీవు తరగతిలో మొదటివాడివి" అనడంకంటె "నిన్న తప్పిన చోట ఇవాళ తప్పలేదు" అనడం మేలు. మొదటి మాట పక్కవాడిని చూపిస్తుంది. రెండవ మాట తన పెరుగుదలను చూపిస్తుంది. పక్కవాడు రేపు ముందుకు పోవచ్చు. తన పెరుగుదలను మాత్రం ఎవరూ ఎత్తుకుపోలేరు.

ఇదంతా పాశ్చాత్యుల ఆలోచన, కుటుంబ బంధాలు బలంగా ఉన్న మన సమాజానికి స్వేచ్ఛ అన్న మాట సరిపడదు అనేవారు కూడా ఉన్నారు. ఇక్కడ స్వేచ్ఛ అంటే పెద్దల మాట పెడచెవిన పెట్టడం కాదు, ఒంటరిగా బతకడం కాదు. చేసే పనికి మనసు సమ్మతించడం. తండ్రి సలహాను అర్థం చేసుకొని, ఇష్టపూర్వకంగా పాటించేవాడు స్వేచ్ఛ గలవాడే. 2015లో బెల్జియం, చైనా, అమెరికా, పెరూ దేశాల విద్యార్థులపై వెలువడిన అధ్యయనంలో, సంస్కృతులు వేరైనా స్వేచ్ఛ, సామర్థ్యం, అనుబంధం తీరినవారే ఎక్కువ క్షేమంగా ఉన్నట్లు వెల్లడైంది. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర స్వామి జాతరలో రథాన్ని లాగే వేలాది చేతులను గుర్తు చేసుకొంటే ఈ సంగతి మనకూ బోధపడుతుంది. అంత బరువైన తాడు పట్టుకొమ్మని ఎవరూ ఆజ్ఞాపించరు. పట్టుకొన్నవాడు ఒంటరివాడూ కాదు. ఇష్టమూ, సామూహికతా ఒకదానికొకటి విరోధులు కావని చెప్పడానికి ఇంతకంటె దృష్టాంతం అక్కరలేదు.

మరి విద్యార్థి ఏం చేయగలడు? కళాశాల వేళలను, పాఠ్య ప్రణాళికను, పరీక్షా విధానాన్ని అతను ఒక్కడే మార్చలేడు. అయితే ప్రతిరోజూ తన అధీనంలో ఉన్న చిన్న చోటును గుర్తించగలడు. ఏ పాఠం ముందు చదవాలో, ఎంతసేపు చదవాలో తానే నిర్ణయించుకోవచ్చు. పాఠం మూసిన తరువాత జవాబుతో పాటు తనకు తోచిన ఒక ప్రశ్న కూడా రాసుకోవచ్చు. అర్థశాస్త్రంలో గిరాకీ, సరఫరాలు చదివినవాడు పత్తి ధర ఒక్కొక్క రోజు ఒక్కొక్క తీరుగా ఎందుకు ఉంటుందో మార్కెట్ యార్డులో అడిగి తెలుసుకోవచ్చు. వృక్షశాస్త్రంలో పరాగసంపర్కం చదివిన అమ్మాయి చేనిలోని పత్తిపువ్వును విప్పి చూడవచ్చు. ఎవరి నిర్బంధం లేకుండా, తెలుసుకోవడం కోసమే విప్పే పువ్వు అది. తెలుగు రెండవ భాషగా చదివే కన్నడ, ఉర్దూ పిల్లలు తమ ఇంట్లో అవ్వ చెప్పిన సామెతకు తెలుగులో సాటి వెతకవచ్చు. ఇవేవీ పరీక్షలో రాకపోవచ్చు. కాని పరీక్షలో వచ్చే వాటిని గుర్తుంచుకొనే శక్తి వీటి వల్లనే కలుగుతుంది.

పెద్దలు చేయవలసినది కూడా పెద్ద కార్యమేమీ కాదు. సాయంకాలం బిడ్డ ఇంటికి రాగానే "ఎన్ని మార్కులొచ్చాయి?" అని అడిగే ముందు "ఇవాళ నీకు ఏది బాగుందనిపించింది?" అని ఒక్కసారి అడగాలి. ఉపాధ్యాయులు ఐదు ప్రశ్నలిచ్చి మూడింటిని విద్యార్థి ఇష్టానికి వదలవచ్చు. మరీ సులువైనది విసుగు పుట్టిస్తుంది, మరీ కఠినమైనది భయం పుట్టిస్తుంది. కాస్త చేయి చాస్తే అందేటంత ఎత్తున పనిని ఉంచడంలోనే బోధన నేర్పు ఉంది. వారంలో ఒక గంట అయినా మార్కులు లేని చదువుకు కేటాయించే కళాశాల, ఆ గంటకు తగిన ఫలం తక్కిన గంటలన్నింటిలో పొందుతుంది.

ర్యాంకులు కొందరికే వస్తాయి. లక్షలాది మంది రాసే పరీక్షలో మొదటి వంద స్థానాలు వంద మందికే దక్కుతాయి. ఆనందాన్ని ఆ స్థానాలకు ముడిపెడితే తక్కిన లక్షల మందిని దుఃఖానికి అప్పగించినట్లే. పనిలోని ఆనందానికి అటువంటి పరిమితి లేదు. ఒకరు పొందినంత మాత్రాన మరొకరికి తగ్గదు. అందువల్ల అది న్యాయమైన ఆనందం కూడా. చదువు ముగిసిన తరువాత సర్టిఫికెట్టు పెట్టెలో ఉంటుంది. చదవాలన్న ఆసక్తి, తెలుసుకోవాలన్న తపన, చేపట్టిన పనిని చక్కగా చేయాలన్న పట్టుదల మనిషితోనే నడుస్తాయి. ఏ విద్య విద్యార్థికి వీటిని మిగిల్చి పంపుతుందో అదే సార్థకమైన విద్య. రేపటి సుఖం కోసం నేటి రోజును బలి ఇవ్వనక్కరలేదు. నేటి పనిని మనస్ఫూర్తిగా చేయగలిగినవాడికి రేపు ఎటువంటిదైనా ఎదుర్కొనే ధైర్యం ఉంటుంది.